చేతి కాగితం మీద రబ్బరు స్టాంపు పాకిపోతోంది, ఏం చేయాలి?

పత్తిపేజీ:
పత్తి గుజ్జు కాగితంతో శుభలేఖలు చేస్తున్నాను. మామూలు కార్డు మీద చక్కగా పడే మామిడిపిందె స్టాంపు దీని మీద వేస్తే సన్నగీతలన్నీ కలిసిపోయి ముద్దగా వస్తోంది. ఇంకు ప్యాడ్ మార్చమంటారా, స్టాంపే మార్చమంటారా?

అచ్చుబల్ల:
ముందు కాగితం సంగతి చూడండి. ఒక మూల నీటిబొట్టు వేయండి. వెంటనే పీల్చేసుకుందంటే దానికి గంజి సరిగా పట్టలేదన్నమాట. అలాంటి కాగితం మీద పల్చటి డై ఇంకు ఏదైనా నారల వెంట పాకుతుంది. పిగ్మెంట్ ఇంకు చిక్కన, రంగు పైపైనే నిలుస్తుంది. ఆరడం మాత్రం బాగా ఆలస్యం. తడిగా ఉండగానే ఎంబాసింగ్ పొడి చల్లి, ఎక్కువైంది దులిపేసి, హీట్ గన్‌తో వేడి చేస్తే పొడి కరిగి గీత ఉబ్బుతుంది. ఆ పైన వాటర్ కలర్ పూసినా గీతకు అంటదు.

కరక్కాయ:
గంజి మనమే పట్టించుకోవచ్చు. పల్చటి బియ్యపు గంజి వెడల్పు బ్రష్‌తో ఒక పూత పూసి, నీడన ఆరబెట్టి, పుస్తకాల బరువు కింద పెట్టండి. కలంకారీ వాళ్ల కిటుకూ ఇలాంటిదే. శ్రీకాళహస్తిలో గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపేది ఎందుకనుకున్నారు? పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి ఆ గుడ్డకు తగిలిస్తే కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. కాగితానికి కరక్కాయ నీళ్లు పూసి, ఆ నలుపుతో స్టాంపు వేసి చూశాను. ఎంత మంచి నలుపో! కానీ దాచుకునే పుస్తకాలకు వద్దు, అలాంటి ఇనుప సిరా ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది.

నీలిమందు:
జెస్సో, అంటే బొమ్మ వేసే ముందు అడుగున పూసే తెల్లటి చిక్కటి పూత, ఒకసారి వేస్తే ఏ ఇంకైనా ఆగుతుంది కదా.

అచ్చుబల్ల:
ఆగుతుంది. కానీ నారలు, పూరేకులు కనిపించాలనే కదండీ ఈ కాగితం కొనేది. తెల్లగా కప్పేశాక మామూలు అట్టకీ దీనికీ తేడా ఏముంది? కాగితం ముక్కలు అతికించి చేసే కొలాజ్‌లో అడుగున పోయే భాగానికైతే సరే. గరుకు వల్ల ముద్రలో అక్కడక్కడా తెల్లగా వదిలేస్తుంటే, కాగితం కింద మెత్తగా మడిచిన గుడ్డో, మౌస్ ప్యాడో పరవండి.

పత్తిపేజీ:
బొట్టు క్షణంలో ఇంకిపోయిందండీ! గంజి పూసి మళ్లీ వేశాను, పిందె లోపలి చుక్కలు ఇప్పుడు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇంకొకటి, 'శ్రీరస్తు' ఎరేజర్ మీద చెక్కుకోవాలి. అక్షరాలు తిరగేసి ఎలా రాస్తున్నారు?

కరక్కాయ:
ట్రేసింగ్ పేపర్ మీద మెత్తటి పెన్సిల్‌తో మామూలుగానే రాసి, ఎరేజర్ మీద బోర్లించి గోటితో రుద్దండి. అదే తిరగబడుతుంది. 'స్తు' కింద త ఒత్తు సన్నగా ఉంటే చెక్కేటప్పుడు తెగిపోతుంది, కాస్త లావుగా రాసుకోండి.

పసుపుకొమ్ము:
శుభలేఖే కాబట్టి మూలలకు పసుపు ఎలాగూ పెడతాం. ఆ మూలలకు పల్చటి పసుపు నీళ్లు పూసి ఆరనిచ్చి, సున్నపు తేటను స్పాంజికి పట్టించి దాంతో స్టాంపు వేయండి. తాకిన చోటల్లా ఎర్రగా తేలుతుంది. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది, ఫ్రేము కట్టించే వాటికి పనికిరాదు. స్టాంపును వెంటనే కడిగేయండి, సున్నం ఎండితే సందుల్లో గడ్డకడుతుంది. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి.