అసమీకరణంలో గుర్తు ఎందుకు తిరగబడుతుందో చెల్లికి ఎలా చెప్పాలి?

మా చెల్లికి ఆల్జీబ్రా చెప్తున్నాను. 7 − 3ఎక్స్ > 1 లెక్కలో 7ను అటు పంపితే −3ఎక్స్ > −6. −3తో భాగించగానే గుర్తు తిరగబడి ఎక్స్ < 2 అవుతుంది. ఎక్స్ = 1 పెడితే 4 > 1, సరిపోయింది. 3 పెడితే −2 వస్తుంది, కుదరదు. లెక్క చేసేస్తోంది గానీ, "ఎందుకు తిప్పాలి?" అని ఒకటే గొడవ. 2 < 5 అయినా −2 > −5 కదా అని సంఖ్యారేఖ మీద చూపించాను, సగమే ఒప్పుకుంది. "రూల్ అంతే" అనడం నాకిష్టం లేదు. −3ఎక్స్‌ను కుడివైపుకు పంపి 6 > 3ఎక్స్ అని చేయిస్తే అసలు తిప్పే పనే ఉండదు. ముందు అదే నేర్పడం మంచిదంటారా?

ఇంకో డౌట్. 2ఎక్స్ + 3వై = 12, 4ఎక్స్ + 6వై = 20. మొదటిదాన్ని 2తో గుణించి రెండోది తీసేస్తే ఎక్స్, వై రెండూ ఎగిరిపోయి 0 = 4 మిగులుతుంది. సమాంతర రేఖలు, సాధన లేదు, అది తెలుసు. గ్రాఫ్ గీయకుండా మాటల్లో ఎలా చెప్పాలి? టీచర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ప్లీజ్.