డిసిప్లిన్ కమిటీ కన్వీనర్‌గా ఉండమంటున్నారు. కేసు రాగానే పేరెంట్స్‌ని పిలవాల్సిందేనా?

ఈసీఈ మేడమ్

నమస్తే అండీ. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఏడేళ్లుగా ఈసీఈ చెప్తున్నాను. జూన్ నుంచి డిసిప్లిన్ కమిటీ కన్వీనర్‌గా ఉండమని ప్రిన్సిపల్ గారు పిలిచి చెప్పారు. రెండేళ్లుగా మెంబర్‌గా ఉన్నాను గానీ మీటింగ్‌కి వెళ్లడం, సంతకం పెట్టి రావడం, అంతకుమించి నేను చేసిందేమీ లేదు.

ఒప్పుకోవాలా వద్దా అని ఎందుకు అడుగుతున్నానంటే, పోయిన నెల హాస్టల్ మెస్ దగ్గర గొడవ జరిగి వాటర్ కూలర్ పగిలింది. సెకండియర్ అబ్బాయి ఒకడిని పట్టుకొచ్చారు. ఏం జరిగిందని వాణ్ని ఒక్క మాట కూడా అడగకుండా ముందు మీ నాన్నని తీసుకురా అన్నారు. ఆయన మిరపకోతలు వదిలేసి, రాత్రి బస్సెక్కి పొద్దున్నే వచ్చాడు. ప్రిన్సిపల్ రూమ్ బయట చెప్పులు విడిచి గంటన్నర నిలబడ్డాడు. పక్కనే కుర్చీలున్నాయి. ఎవరూ కూర్చోమనలేదు, ఆయనా కూర్చోలేదు. లోపలికి వస్తూనే చేతులు జోడించి "తప్పయిపోయింది సార్" అన్నాడు. కొడుకు ఏం చేశాడని పిలిపించారో కూడా ఆయనకి అప్పటికి తెలీదు.

ఆఫీసులో చెప్తుంటే అబ్బాయి ఇంగ్లీషులో అపాలజీ లెటర్ రాశాడు. కింద తండ్రి సంతకం, ఒక్కో అక్షరం గీసినట్టుగా పెట్టాడు. అయిదు వేలు ఫైను వేశారు. నాలుగు రోజుల తర్వాత సీసీ కెమెరా ఫుటేజీ తీరిగ్గా చూస్తే, ఆ అబ్బాయి గొడవ ఆపడానికి మధ్యలోకి వెళ్లినవాడు! ఫైను తిరిగిచ్చేశారు, లెటర్ మాత్రం ఫైల్లోనే ఉంది. కమిటీ మినిట్స్ కింద నా సంతకం కూడా ఉంది. అప్పట్నుంచి నాకు మనసులో మనసు లేదు.

ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. దీన్ని సరిగ్గా చేసే పద్ధతి ఏమిటి? పేరెంట్స్‌ని పిలవడం అనేది మొదటి పనా, చివరి పనా?

పాత వార్డెన్

అమ్మా, ముందు ఒప్పుకో. బాధపడేవాళ్లు వద్దనుకుంటే ఆ కుర్చీలో బాధపడనివాళ్లు కూర్చుంటారు. నేను పద్నాలుగేళ్లు హాస్టల్ వార్డెన్‌గా, ఆఖరి అయిదేళ్లు స్టూడెంట్ అఫైర్స్ డీన్‌గా చేసి రిటైరయ్యాను.

మన దగ్గర "పేరెంట్‌ని తీసుకురా" అనేది విచారణలో భాగం కాదు, అదే శిక్ష. పిల్లలకీ తెలుసు, మనకీ తెలుసు. ఫైను కట్టమంటే కడతారు, వారం రోజులు క్లాసుకి రావద్దంటే మానేస్తారు, నాన్నకి ఫోన్ చేస్తాననగానే కాళ్ల మీద పడతారు. కాబట్టి విచారణ పూర్తికాకుండా పిలిచావంటే తీర్పుకి ముందే శిక్ష వేసేసినట్టు. నేనూ చాలాసార్లు అలాగే చేశాను, చాలా ఏళ్ల వరకూ నాకది తప్పుగా తోచలేదు.

అయితే అసలు పిలవొద్దంటే మాత్రం ఒప్పుకోను. ఒకసారి ఒక ఫైనలియర్ పిల్లాణ్ని సస్పెండ్ చేశాం, తప్పు చేసిన మాట నిజమే, వాడే ఒప్పుకున్నాడు. సాయంత్రం ఆరులోపు రూమ్ ఖాళీ చెయ్యమని ఆర్డర్ చేతిలో పెట్టాం. ఇంటికి ఉత్తరం పోస్టులో వెళ్తుందిలే అనుకున్నాం. వాడు పెట్టె సర్దుకుని వెళ్లాడు గానీ ఇంటికి వెళ్లలేదు. రెండు రాత్రులు రాజమండ్రి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున వాళ్ల అమ్మ హాస్టల్‌కి ఫోన్ చేసి, "బాబు ఫోన్ ఎత్తట్లేదండీ, పరీక్షలా?" అని అడిగింది. ఆ ఫోన్ ఎత్తింది నేనే. పిల్లాడు దొరికాడు, బాగానే ఉన్నాడు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. కానీ ఆ రెండు రాత్రులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్రపట్టదు.

ఆ తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. సస్పెన్షన్ ఆర్డర్ సాయంత్రం పూట ఇవ్వను, శుక్రవారం అసలే ఇవ్వను. ఆర్డర్ ఇచ్చే రోజు ఇంట్లోవాళ్లు ఒకరు రావాలి, నాన్నంటే భయమైతే మేనమామో, అక్కో ఎవరైనా సరే. వాళ్ల చేతికి పిల్లాణ్ని అప్పగించి, ఎప్పుడు తిరిగి రావాలో తేదీతో సహా చెప్పి, టీ తాగించి పంపాలి. అంటే పేరెంట్‌ని పిలిచేది దోషిలా నిలబెట్టడానికి కాదు, పిల్లాడికి తోడుగా.

ఇంకో సంగతి, మొదటిసారి మాట్లాడేటప్పుడు కమిటీ మొత్తాన్ని కూర్చోబెట్టొద్దు. ఏడుగురు పెద్దవాళ్లు వరసగా కూర్చుని పంతొమ్మిదేళ్ల వాణ్ని నిలబెట్టి అడిగితే వాడు నిజం చెప్పడు, మనం వినాలనుకున్నది చెప్తాడు. నువ్వూ ఇంకొకరూ చాలు. వాణ్ని కూర్చోబెట్టు. మంచినీళ్లివ్వు. "ఎందుకు చేశావ్" అని కాదు, "ఆ రోజు సాయంత్రం నుంచి ఏం జరిగిందో చెప్పు" అని అడుగు.

బార్ గుమస్తా కాదు లాయర్‌నే

హైకోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను మేడమ్, కాలేజీల తరఫున, విద్యార్థుల తరఫున రెండు వైపులా వాదించాను. నా సమాధానం కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ముందు ఆ అపాలజీ లెటర్ సంగతి. విచారణకి ముందే చెప్పి రాయించుకున్న లెటర్‌ని ఒప్పుకోలుగా చూపించి ఏ కాలేజీ నిలబడలేదు, నిలబడకూడదు కూడా. రేపు అలాంటి పద్ధతి మీద కేసు పడితే మొదట అడిగేది షోకాజ్ నోటీసు ఎక్కడ, జవాబు చెప్పుకోవడానికి ఎంత టైమిచ్చారు, ఆర్డర్‌లో కారణాలు రాశారా, అంతే. పరీక్షల్లో కాపీ కేసులోనైనా సరే విద్యార్థి మాట వినకుండా శిక్షించకూడదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది, ఘనశ్యాం దాస్ గుప్తా కేసులో.

అలాగని దాన్ని కోర్టు హాలులా నడపక్కర్లేదు. 1973లో రాంచీ రాజేంద్ర మెడికల్ కాలేజీ కేసు ఉంది, హీరానాథ్ మిశ్రా కేసంటారు. రాత్రిపూట అమ్మాయిల హాస్టల్లోకి చొరబడిన అబ్బాయిల మీద ఫిర్యాదు వస్తే, విచారణ కమిటీ అమ్మాయిల వాంగ్మూలాలను ఆ అబ్బాయిలు లేనప్పుడు తీసుకుంది. ఆ అబ్బాయిల ఫోటోలను వేరే విద్యార్థుల ఫోటోలతో కలిపేసి అమ్మాయిలకు చూపించి గుర్తుపట్టమంది. తర్వాత అబ్బాయిలకు ఆరోపణలు ఏమిటో చెప్పి, వాళ్ల జవాబు తీసుకుంది. అమ్మాయిలను ఎదురుగా ప్రశ్నించనివ్వలేదని (క్రాస్ ఎగ్జామినేషన్) వాళ్లు కోర్టుకెళ్తే, అమ్మాయిల భద్రత దృష్ట్యా ఈ పద్ధతి న్యాయమైనదేనని సుప్రీంకోర్టు సమర్థించింది. ఈ రెండూ కలిపి చదువుకుంటే మీ కమిటీ ఎలా నడవాలో చాలావరకు తెలిసిపోతుంది. ఎదుటివాడికి ఆరోపణ తెలియాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఉండాలి, ఫిర్యాదు చేసినవాళ్లకి రక్షణ ఉండాలి.

అన్ని కేసులూ మీ కమిటీవి కావు, ఇక్కడే ఎక్కువ కాలేజీలు దెబ్బతింటాయి. లైంగిక వేధింపు ఫిర్యాదు అయితే ఐసీసీకి, అంటే కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్లాలి, మీరు పిలిచి రాజీ చెయ్యకూడదు. పరీక్ష మాల్‌ప్రాక్టీస్‌కి యూనివర్సిటీ రూల్స్ వేరే ఉంటాయి, అది ఎగ్జామినేషన్ బ్రాంచ్ చూసుకుంటుంది. ర్యాగింగ్ అయితే 2009 యూజీసీ రెగ్యులేషన్స్ ప్రకారం యాంటీ ర్యాగింగ్ కమిటీ, స్క్వాడ్ విడిగా ఉండాలి, క్రిమినల్ కేసు అయ్యే విషయమైతే సమాచారం అందిన 24 గంటల్లో కాలేజీ హెడ్ ఎఫ్ఐఆర్ పెట్టించాలి. "పిల్లల భవిష్యత్తు" అని లోపల్లోపల సర్దేస్తే రేపు ప్రిన్సిపల్ గారే ఇబ్బందిలో పడతారు. మనకి అంతకుముందే 1997 నుంచి రాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. దాంట్లో ఊరికే ఏడిపించినా ఆరు నెలల వరకు జైలు ఉంది, శిక్ష ఆరు నెలలు దాటితే ఇంకే కాలేజీలోనూ సీటివ్వరు.

ఫస్టియర్‌లో చేరేవాళ్లలో కొందరికి ఇంకా పద్దెనిమిది నిండవు, ఇది అందరూ మర్చిపోతారు. చట్టం ముందు వాళ్లు బాలలు, వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో కింద పోలీసులకి చెప్పి తీరాలి. వాళ్ల విషయంలో పేరెంట్స్‌కి చెప్పడం కూడా తప్పనిసరి అనే నా అభిప్రాయం. పెద్దాయన చెప్పినట్టు విచారణ తర్వాత పిలవడం అనేది పద్దెనిమిది దాటినవాళ్లకి సరిపోతుంది.

డల్లాస్ నుంచి

అండీ, నేను ఇక్కడ అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ స్టూడెంట్ కండక్ట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇక్కడ ఇది పూర్తి స్థాయి ఉద్యోగం, మీలా క్లాసులు చెప్తూ మధ్యలో చేసే పని కాదు. అందుకే మా పద్ధతి యథాతథంగా మీకు కుదరదు.

ఇది ఇలా రావడానికి ఒక కథ ఉంది. 1960లో మాంట్‌గోమరీ కోర్టు భవనంలో తెల్లవాళ్లకి మాత్రమే అని పెట్టిన లంచ్ గ్రిల్‌కి వెళ్లి తమకీ వడ్డించమని కూర్చున్న నల్లజాతి విద్యార్థుల్లో కొందరిని అలబామా స్టేట్ కాలేజీ నోటీసు, విచారణ ఏమీ లేకుండా బహిష్కరించింది. వాళ్లు కోర్టుకెళ్లారు. 1961లో డిక్సన్ కేసులో, ప్రభుత్వ కాలేజీ ఒక విద్యార్థిని పంపించెయ్యాలంటే ముందు నోటీసు ఇచ్చి, మాట వినాల్సిందేనని తీర్పు వచ్చింది. మేము పంపే మొదటి ఉత్తరంలో ఏ రోజు, ఏ రూల్, ఏం చేశావని ఆరోపణ, నీ ఫైలు నువ్వు చూసుకోవచ్చు అని ఉంటుంది. దాని వెనక ఆ పిల్లలున్నారు.

పేరెంట్స్ విషయానికొస్తే ఇక్కడ ఫెర్పా అనే చట్టం వల్ల కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. కొన్ని మినహాయింపులున్నాయి గానీ మామూలుగా వాళ్ల అనుమతి లేకుండా ఇంట్లో చెప్పం. మన తెలుగు పిల్లలు నా ముందుకి వచ్చేది ఎక్కువగా అసైన్‌మెంట్ కేసుల్లో, ఇద్దరి కోడ్ ఒకటే ఉంటుంది, వేరియబుల్ పేర్లు మాత్రం మారతాయి. ఇండియాలో రికార్డు బుక్ పక్కవాడిది చూసి రాయడం మామూలే కదా అనుకుని ఇక్కడా అదే చేస్తారు. సస్పెండ్ అయితే క్లాసులు ఉండవు, క్లాసులు లేకపోతే ఎఫ్1 స్టేటస్‌కే, అంటే స్టూడెంట్ వీసా మీద ఇక్కడ ఉండడానికే ముప్పు. అయినా లోపలికి వచ్చి కూర్చోగానే వాళ్లు మొదట అడిగేది వీసా గురించి కాదు. "ఇంట్లో చెప్తారా?" అని అడుగుతారు. చెప్పం అన్నాక అప్పుడు మాట్లాడతారు. ఒక అబ్బాయి ఆ మాట విన్నాక అయిదు నిమిషాలు ఏడ్చి, ఆ తర్వాత అడగకుండానే మొత్తం చెప్పాడు, మాకు తెలియని రెండో అసైన్‌మెంట్‌తో సహా.

అందుకే వార్డెన్ గారితో ఏకీభవిస్తూనే ఒక్కటి కలుపుతాను. మొదటి మాటగా "ఈ రోజు మీ ఇంటికి ఫోన్ చెయ్యట్లేదు" అని చెప్పి చూడండి.

2016 బ్యాచ్

నేను అవతలి వైపు నుంచి రాస్తున్నాను. నన్ను థర్డియర్‌లో పదిహేను రోజులు సస్పెండ్ చేశారు, జూనియర్‌ని కొట్టాను, తప్పు నాదే. సస్పెన్షన్ నాకు గుర్తులేదు. మా అమ్మని కారిడార్‌లో నిలబెట్టి నా క్లాస్‌మేట్స్ అటూ ఇటూ వెళ్తుంటే హెచ్‌ఓడీ అరవడం గుర్తుంది. కొట్టిన అబ్బాయికి నేను సారీ చెప్పలేదు, చెప్పమని కూడా ఎవరూ అనలేదు. అందరూ ప్రిన్సిపల్‌కి రాయమన్నారు. మేడమ్, మీరు చేస్తే దెబ్బ తిన్నవాణ్ని కూడా పిలిచి వాడికి ఏం కావాలో అడగండి, మా కాలేజీలో వాణ్ని ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు, సంవత్సరం చివర్లో హాస్టల్ వదిలేసి బయట రూమ్ తీసుకున్నాడు.

ఈసీఈ మేడమ్

అందరికీ థాంక్స్. వార్డెన్ గారూ, ఆ స్టేషన్ సంగతి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. లాయర్ గారూ, ఒక్క ప్రశ్న. ఆ అబ్బాయి లెటర్ ఫైల్లోంచి తీసేయొచ్చా? చింపేస్తే సరిపోతుందా?

బార్ గుమస్తా కాదు లాయర్‌నే

చింపొద్దు మేడమ్. చింపితే మీ మినిట్స్ అలాగే ఉండి, లెటర్ మాత్రం మాయమవుతుంది, అది ఇంకా అనుమానం. కమిటీని మళ్లీ కూర్చోబెట్టి, ఫుటేజీ చూశాం, ఈ విద్యార్థికి సంబంధం లేదు, ఫలానా తేదీ నిర్ణయం రద్దు, లెటర్ చెల్లదు అని తీర్మానం రాయించి ప్రిన్సిపల్ సంతకంతో ఆర్డర్ ఇవ్వండి. ఒక కాపీ ఆ ఫైల్లోనే లెటర్‌కి పిన్ చెయ్యండి. ఒక కాపీ పిల్లాడికి, ఒకటి తండ్రికి.

ఈసీఈ మేడమ్

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఒప్పుకున్నాను. రెండే అడిగాను. విచారణ అయ్యేదాకా ఎవరి చేతా ఏ లెటరూ రాయించకూడదు, పిల్లలతో కూర్చుని మాట్లాడడానికి ఒక రూమ్ కావాలి, ప్రిన్సిపల్ గారిది కాకుండా. రూమ్‌కి వెంటనే సరేనన్నారు. లెటర్ గురించి కాసేపు వాదన జరిగింది, "రాతపూర్వకంగా ఏదో ఒకటి ఉండాలి కదమ్మా" అన్నారు. షోకాజ్ నోటీసుకి వాళ్లిచ్చే జవాబే రాతపూర్వకం సార్ అన్నాను.

ఆర్డర్ వచ్చింది. తండ్రికి పంపే కాపీ తెలుగులో కూడా రాయించాను, కాలేజీ లెటర్‌హెడ్ మీద. ఆయన అప్పుడు సంతకం పెట్టింది ఇంగ్లీషు కాగితం మీద కదా, అందులో ఏముందో ఆయనకి ఎవరూ చదివి చెప్పలేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. నిన్న ల్యాబ్ అయ్యాక అబ్బాయి వచ్చి, "నాన్న ఫోన్ చేశారు మేడమ్, పోస్ట్‌మ్యాన్ చేతే చదివించుకున్నారంట, మళ్లీ చెల్లితో చదివించుకున్నారంట" అన్నాడు.