అప్‌డేట్: చిన్నాన్న మళ్లీ కౌన్సెలింగ్‌కు వెళ్తున్నారు

పర్లాకిమిడిలో ఉండే మా చిన్నాన్న, ఆర్మీలో చేసి రిటైరైన ఆయన, బరంపురంలో కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్లు మానేస్తున్నారని, ఏం చేయాలో చెప్పమని ఇదివరకు ఒక పోస్టులో అడిగాను. కారణం మతిమరుపు కాదు, బద్ధకం అసలే కాదు. కిక్కిరిసిన బస్సు, ఓపీ దగ్గర జనం, పాత సంగతులన్నీ మళ్లీ చెప్పాలనే టెన్షన్. పీటీఎస్‌డీలో (భయంకరమైన అనుభవాల తర్వాత వచ్చే మానసిక జబ్బు) ఇలా తప్పించుకోవడం కూడా జబ్బు లక్షణమేనని డాక్టరు చెప్పాక పిన్ని ఆయన్ని నిలదీయడం మానేసింది. నాకైతే ఆ మార్పే అన్నిటికన్నా పెద్దది.

ఇప్పుడు పొద్దున్నే మొదటి టైమ్ ఇస్తున్నారు, తోడు నేను వెళ్తున్నాను. రాత్రి నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తారు. 2022లో మొదలైన ఆ ఉచిత లైను 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. పోయిన వారం మళ్లీ రానన్నారు. బలవంతపెట్టలేదు, అప్పుడే ఫోన్ చేసి కొత్త తేదీ తీసుకున్నాం.