బోరు నీళ్లలో ఫ్లోరైడ్: పంచాయతీ నిధులు వాడొచ్చా?

ప్రశ్న: పుంగనూరు వైపు మా ఊరి బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 2.4 మి.గ్రా. ఉంది. ఫిల్టర్ ప్లాంటుకు ఏ నిధులు వాడొచ్చండీ?

జవాబు: తాగునీటిలో ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1.0 మి.గ్రా., వేరే నీళ్లు దొరక్కపోతేనే 1.5. 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధులు ఖాతాలో మిగిలుంటే చూడండి. అందులో 60 శాతం టైడ్ గ్రాంటు (చెప్పిన పనులకే వాడాల్సిన డబ్బు), దాంట్లో సగం తాగునీరు, వాననీటి సేకరణ, నీటి పునర్వినియోగానికి. గ్రామసభ తీర్మానం చేయించి, ల్యాబ్ రిపోర్టు జతచేసి, జీపీడీపీలో (గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో) ఎక్కించండి.

మరో జవాబు: కట్టడం సులువు, నడపడమే కష్టం. ఫిల్టర్లో ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు ఫ్లోరైడ్‌తో నిండిపోయాక కాస్టిక్ సోడాతో కడిగి, పలుచని ఆమ్లంతో తటస్థం చేయాలి. అది మానేస్తే నీళ్లు తేటగానే వస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంటుంది. ఆపరేటర్ జీతం, అల్యూమినా ఖర్చు ఎస్టిమేట్లోనే రాయించండి.

ఇంకో జవాబు: ఆర్‌ఓ పెడితే వదిలేసే నీళ్లు బోరు పక్కన పోయనివ్వకండి. ఇంట్లో కాచినా ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. అందాకా తాగడానికి, వంటకు వాననీళ్లు పట్టుకోండి.