1886 వాబాష్ తీర్పు: రైలు ఛార్జీల విషయంలో రాష్ట్రాల చేతులు కట్టేయడం న్యాయమేనా?

మొక్కజొన్న చేను:
అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం. పియోరియా నుంచి న్యూయార్క్‌కు 26,000 పౌండ్ల సరుకు చేరవేయడానికి వాబాష్ రైలు కంపెనీ 39 డాలర్లు తీసుకుంది. గిల్మన్ నుంచి అంతే బరువున్న మొక్కజొన్నకు 65 డాలర్లు వసూలు చేసింది. గిల్మనేమో న్యూయార్క్‌కు 86 మైళ్లు దగ్గర! దగ్గరి ఊరివాళ్ల దగ్గర ఎక్కువ గుంజకూడదని రాష్ట్ర చట్టం ఉంది. రాష్ట్రం కేసు వేసింది, తమ రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచింది. చివరికి ఆ తీర్పును వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో కొట్టేసింది. రాష్ట్రం దాటే సరుకు ఛార్జీ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) పరిధిలోదట. నా దృష్టిలో ఇది తప్పుడు తీర్పు. మీరేమంటారు?

వాదీ ప్రతివాదీ:
తీర్పు సరైనదేనండీ. ఆ సరుకు న్యూయార్క్ చేరేలోపు ఎన్ని రాష్ట్రాలు దాటాలి! ఒక్కొక్కటీ తన దారిన ఒక రేటు పెడితే రవాణా ఏమవుతుంది? తీర్పు రాసిన జస్టిస్ మిల్లర్ భయం అదే. పైగా ఈ తీర్పు ఊరికే పోలేదు. 1887 ఫిబ్రవరి 4న అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టం వచ్చింది. ఇల్లినాయ్ పెట్టిన నిషేధమే కాస్త మార్పుతో దాని నాలుగో సెక్షన్‌లో చేరింది.

మొక్కజొన్న చేను:
ఆ ఘనత కోర్టుకు ఇవ్వకండి. సెనేట్‌లో కల్లమ్ కమిటీ 1886 జనవరిలోనే, అంటే తీర్పుకు ముందే, కేంద్ర నియంత్రణ కావాలని నివేదిక ఇచ్చింది. తీర్పు తొందరపెట్టింది, అంతే.

మరి ఆ చట్టం గతేమైంది? 1897లో అదే సుప్రీంకోర్టు, ఛార్జీలు నిర్ణయించే అధికారం ఆ చట్టం పెట్టిన కేంద్ర కమిషన్‌కు లేదంది. అదే ఏడాది ఇంకో తీర్పుతో నాలుగో సెక్షన్‌నూ నీరుగార్చింది. గరిష్ఠ ఛార్జీ నిర్ణయించే అధికారం 1906లో గానీ రాలేదు, సెక్షన్‌కు 1910లో గానీ ప్రాణం రాలేదు. రాష్ట్రాన్ని ఆపేసి, కేంద్రాన్నీ ఆపేస్తే చిన్న ఊళ్ల రైతు ఎవరికి చెప్పుకోవాలి? నాకు నిజంగా కోపం తెప్పించేది ఇదే.

సరుకు బండి:
నేను వాదీ ప్రతివాదీ గారి వైపే. రాష్ట్రాలకు వదిలేస్తే ఏమవుతుందో ష్రీవ్‌పోర్ట్ కేసు చూడండి. టెక్సాస్ రైల్వే కమిషన్ తన రాష్ట్రంలోపలి ఛార్జీలు బాగా తగ్గించింది. డల్లాస్ నుంచి మార్షల్‌కు 147.7 మైళ్లు బండ్లను సరుకుగా చేరవేస్తే వంద పౌండ్లకు 36.8 సెంట్లు. పక్క రాష్ట్రం లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ నుంచి అదే మార్షల్‌కు 42 మైళ్లే, కానీ 56 సెంట్లు! ష్రీవ్‌పోర్ట్ వ్యాపారులు ఏం పాపం చేశారు? రాష్ట్రం తన వాళ్లనే చూసుకుంటుంది కదా.

మొక్కజొన్న చేను:
మంచి ఉదాహరణ ఇచ్చారు. టెక్సాస్ చేసింది అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ 1914లో సుప్రీంకోర్టు సమర్థించింది, ఆ తేడా తీసేయమన్న కేంద్ర కమిషన్ ఉత్తర్వును. అంటే అప్పటికి కేంద్రం రంగంలోకి దిగి ఉంది. 1886లో అలాంటి కమిషనే లేదు. కాంగ్రెస్ చట్టం చేసేదాకా రాష్ట్రం తన పౌరులను కాపాడుకోవచ్చని జస్టిస్ బ్రాడ్లీ భిన్నాభిప్రాయం రాశారు. ప్రధాన న్యాయమూర్తి వెయిట్ కూడా ఆయనతోనే ఉన్నారు. 1877లో ఇదే కోర్టు అచ్చంగా ఇదే మాట చెప్పింది. తొమ్మిదేళ్లలో ఎందుకు వెనక్కి తగ్గిందో దయచేసి ఎవరైనా వివరించండి.