మన ఊరి మురికి గాలిలో వాయువుల నుంచి పుట్టే కొత్త సూక్ష్మ కణాలు ఎలా బతుకుతున్నాయి?

నమస్తే. పటాన్‌చెరులో ఉంటాను, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఈ విషయం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

సల్ఫర్ డయాక్సైడ్ ఎండ వేళ హైడ్రాక్సిల్ రాడికల్స్ (గాలిలో చాలా చురుగ్గా చర్య జరిపే OH ముక్కలు) వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లపు ఆవిరిగా మారుతుందని, ఆ అణువులు అమ్మోనియా, అమీన్లతో (అమ్మోనియా లాంటి సేంద్రియ పదార్థాలు) జతకట్టి ఒకటి రెండు నానోమీటర్ల (నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) గుంపులవుతాయని చదివాను. అంతవరకూ అర్థమైంది. కానీ మన గాలిలో అప్పటికే పొగ, దుమ్ము కణాలు కిక్కిరిసి ఉంటాయి కదా! ఆ పెద్ద కణాలు ఈ పిల్ల కణాలనూ, వాటికి కావలసిన ఆవిరినీ లాగేసుకోవాలి. మరి ఇవి 50, 100 నానోమీటర్ల దాకా ఎలా పెరుగుతున్నాయి?

నైట్రిక్ ఆమ్లం, అమ్మోనియా కలిసి పేరుకుని వీటిని చాలా వేగంగా పెంచగలవని ఐరోపా పరిశోధన కేంద్రం సెర్న్‌లో గాలిలో కణాలు పుట్టే తీరును పరిశీలించే క్లౌడ్ ప్రయోగం 2020లో చూపింది. అయితే అది సుమారు 5 డిగ్రీల కన్నా చల్లని గాలిలో. హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా అంత చలి ఉండదు. ఇక్కడ ఆ పని చేసేది వాహనాల నుంచి, ఫ్యాక్టరీల ద్రావకాల నుంచి వచ్చే సేంద్రియ ఆవిర్లేనా?

నా అసలు టెన్షన్ ఇంకొకటి. పీఎం 2.5 (గాలిలో 2.5 మైక్రోమీటర్ల కన్నా చిన్న కణాల కొలత) బరువు లెక్క. ఇంత చిన్న కణాలు ఎన్ని ఉన్నా అందులో పెద్దగా కనిపించవు. కణాల సంఖ్యను కొలిచిన డేటా విద్యార్థులకు ఎక్కడ దొరుకుతుంది? ఎవరిని అడగాలి?