జోషూ అన్నది ‘లేదు’ అనా, ‘కాదు’ అనా?

గోదారి గట్టు:
కుక్కకు బుద్ధస్వభావం ఉందా అని భిక్షువు అడిగితే చైనా జెన్ గురువు జోషూ అన్న ‘ము’కి తెలుగులో ‘కాదు’ అని చదివినట్టు గుర్తు. ఎక్కడో తట్టడం లేదు. కొడైకెనాల్ దగ్గర పెరుమాళ్‌మలైలో బోధి జెండో అనే జెన్ ధ్యానకేంద్రానికి వెళ్లొచ్చినప్పటి నుంచీ ఇదే నస. జెస్యూట్ ఫాదర్ అమసామి పెట్టిన చోటు. నేను రోజూ సంధ్యావందనం చేస్తానంటే అక్కడ ఎవరూ వింతగా చూడలేదు, మెత్త చూపించి కూర్చోమన్నారు. ఊపిరి వదులుతూ ‘మూ’ అనుకుంటుంటే ముందు డుమువులు గుర్తొచ్చాయి, తర్వాత ఈ గొడవ.

పాత అటక:
‘లేదు’. ఇందులో చర్చేముంది? చైనా ‘వూ’, జపాన్ ‘ము’, రెండూ లేకపోవడమే. ‘కాదు’కి వాళ్లకి వేరే మాటలున్నాయి. ‘ఇంట్లో ఉన్నారా’ అంటే ‘కాదు’ అంటామా?

వానపిట్ట:
తొందరపడ్డారు మాస్టారూ. 1228లో దీన్ని తను కూర్చిన 48 కోఆన్లలో (ధ్యానానికిచ్చే జెన్ చిక్కుప్రశ్నల్లో) మొదటిదిగా పెట్టిన చైనా గురువు వూమెన్, ఉంది-లేదుల్లోని ‘లేదు’గా తీసుకోవద్దనే అన్నాడు. ప్రశ్ననే కాదంటున్నాడని ఎవరో ‘కాదు’ వేసి ఉంటారు.

గోదారి గట్టు:
‘ము’తో కూర్చోవడానికి చెప్పిన కాలిన ఇనుప గుండు పోలిక కూడా ఆయనదేగా? అచ్చం మన మింగలేక కక్కలేక.

పాత అటక:
సగమే. అక్కడ గుండు మింగేశాడు. కక్కలేకపోవడమే మిగిలింది.

చింతచెట్టు:
చైనా మూలంలో ప్రశ్న చివర కూడా ‘వూ’ ఉందండీ. ‘ఉందా, లేదా’ అని అడిగాడు. జోషూ ఆ తోకే తిరిగిచ్చాడు. కాబట్టి ‘లే’ పోకూడదు. పోతన గజేంద్రుడు ‘కలడో లేడో’ అన్నాడే, అందులో ‘లేడో’ ఒక్కటే తిరిగి వినిపిస్తే ఎలా ఉంటుంది!

వానపిట్ట:
పోతన దాకా వచ్చారు కనుక, ఆ వెంటనే వచ్చే సీసం చూడండి. ‘కలిమిలేములు లేక కలుగువాడు’. ఉండటం, ఉండకపోవడం రెండూ లేకుండా ఉండేవాడు. వూమెన్ వ్యాఖ్యకి ఇంతకన్నా తెలుగు ఏం కావాలి?

పాత అటక:
అక్కడ కలిమి అంటే సంపదమ్మా. కలవాడు, లేనివాడు అనే తేడా చూడనివాడు అని మా అయ్యవారు చెప్పారు.

వానపిట్ట:
దాని ముందే ‘నాపాలి కలిమి సందేహింప’ అన్నాడు కదండీ. మొసలి కాలు పట్టుకున్నవాడు డబ్బు గురించి సందేహిస్తాడా?

పాత అటక:
‘నాపాలి కలిమి’ అంటే నా భాగ్యం, నా పెన్నిధి. దేవుణ్ణే అలా అంటున్నాడు. చరణం మొత్తం చదవండి.

చింతచెట్టు:
రెండర్థాలూ ఉంచాడు, అదే పోతన. ఒకదానికి కట్టేస్తే సీసం చచ్చిపోతుంది.

గోదారి గట్టు:
నా ‘కాదు’ సంగతి? అన్నట్టు, అదే జోషూ ఇంకోసారి అదే ప్రశ్నకి ‘ఉంది’ అన్నాడట.

చింతచెట్టు:
ముందు ఇది చెప్పండి, నా మోకాళ్లు మడత పడవు. ఆ జెండోలోకి రానిస్తారా?

గోదారి గట్టు:
నా వరసలోనే ఇద్దరు కుర్చీల్లో కూర్చున్నారు. వచ్చేయండి.